గేమింగు అను మాట

2025 ఆగస్టు 20వ తేదీన ఆన్‌లైను ఆటలను గూర్చిన బిల్లు లోక్‌సభయందు ప్రవేశపెట్టబడి, ఆ దినముననే ఆమోదింపబడెను. మరునాడు రాజ్యసభ సమ్మతించెను. ఆ మరునాడు రాష్ట్రపతి సంతకము పడెను. మన యిండ్లలో పెండ్లికి లగ్నము నిశ్చయించుటకైనను ఇంతకంటె ఎక్కువ కాలము పట్టును. చట్టము మూడు దినములలో పుట్టినదే కాని, దానిని గూర్చి ఇంటింట పుట్టిన వాదము ఇంకను చల్లారలేదు. ఆ చట్టము మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు ముందు, ఆ వాదమునే ఒక గ్రంథమును విమర్శించునట్లు విమర్శించి చూడవలయునని మాకు తోచినది. ఏలయన, వాదము నడచుచున్న భాషయందే దోషమున్నచో, దానినుండి పుట్టు చట్టమునందును ఆ దోషము దిగక మానదు.

మా కోహెడవంటి మండలకేంద్రమున ఈ వాదము ఎట్లు నడచుచున్నదో చూడుడు. బడికి పోవు పిల్లవాని తండ్రి, కుమారుడు రాత్రియెల్ల ఫోను విడువకున్నాడని విసిగి, ఈ గేమింగును మూయింపవలసినదే అనును. హైదరాబాదున కంప్యూటరు చదువు చదువుచు సెలవులకు వచ్చిన యువకుడు, గేమింగు ప్రపంచమున గొప్ప పరిశ్రమ, దానిని మూయుట మూర్ఖత అనును. పెనిమిటి చేసిన అప్పులకు పుస్తెలతాడు కుదువబెట్టుకొన్న ఇల్లాలు, ఆ గేము మా కొంప ముంచినది అనును. ముగ్గురును నిజమే చెప్పుచున్నారు. ముగ్గురును ఒక్క మాటనే వాడుచున్నారు. కాని మొదటివాడు కాలహరణమును గూర్చియు, రెండవవాడు శిల్పమును గూర్చియు, మూడవయామె జూదమును గూర్చియు మాటాడుచున్నారు. ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పుచున్నట్లే యుండును. ఎవరి మాటయు ఎవరికిని తగులదు.

ఈ గందరగోళము పల్లెవారి అజ్ఞానమువలన కలిగినది కాదు. దీని పుట్టుక ప్రభుత్వ పత్రములలోనే కలదు. 2016వ సంవత్సరమును జ్ఞాపకము చేసికొందము. మా మండలము కరీంనగరు జిల్లానుండి విడివడి క్రొత్తగా ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరినది ఆ యేటి దసరానాడే. అంతకు నెలదినములు మున్ను, సెప్టెంబరులో, జియోవారు దేశమంతట ఇంటర్నెట్టును దాదాపు ఉచితముగా పంచిపెట్టసాగిరి. అంతవరకును పట్టణపు వస్తువుగా నుండిన ఆన్‌లైను ఆట, దానితో పత్తిచేని గట్టుమీదికి వచ్చినది. ఆ యేడే తెలంగాణ ప్రభుత్వము ఆనిమేషను, గేమింగు మొదలగు విద్యలను ప్రోత్సహించుటకు ఇమేజ్ అను పేర ఒక విధానమును ప్రకటించెను. మరుసటి యేడు, 2017 జూనులో, ఆ ప్రభుత్వమే గేమింగు చట్టమును సవరించుచు ఒక ఆర్డినెన్సును, జూలైలో మరియొక దానిని తెచ్చి, ఆన్‌లైనున పణమొడ్డి ఆడుటను రాష్ట్రమున నిషేధించెను. నవంబరులో రాయదుర్గమున, ఆనిమేషను గేమింగు సంస్థలకొరకు ఇమేజ్ టవరు అను సౌధమునకు శంకుస్థాపన చేసెను. గేమింగు ఒక చేత నిషిద్ధము, మరియొక చేత ప్రోత్సాహ్యము!

దీనిని పరస్పర విరుద్ధమని పరిహసించువారు కలరు. మేము పరిహసింపము. ఆ రెండు కార్యములలో విరోధము లేదు. విరోధమంతయు మాటలో నున్నది. ఆంగ్ల న్యాయభాషలో గేమింగు అనగా తరతరములుగా జూదము. వినోద వ్యాపారభాషలో గేమింగు అనగా వీడియో ఆటలు. ఆ రెండర్థములును ఒకే సంవత్సరమున ఒకే సచివాలయమునుండి వెలువడి, పత్రికలలో ప్రక్కప్రక్కన అచ్చయినవి. తెలుగున వ్రాయువారైనను ఒకదానిని జూదమనియు రెండవదానిని ఆటయనియు వ్రాసియుండిన, పాఠకుడు అంత తికమకపడియుండడు. వారు గేమింగు అనియే వ్రాసిరి. వ్రాయుటకు సులువు గదా!

అయితే మన తెలుగు మాటలు మాత్రము నిర్దోషములని గర్వింప వీలులేదు. పేకాట అను మాటలో ఆట యున్నది. కాని పేకాటలో మునిగి భూములమ్ముకొన్నవారిని ఎరుగని గ్రామము లేదు. పులిజూదము అను మాటలో జూదమున్నది. కాని రచ్చబండ రాతిమీద గీతలు గీసి, చింతగింజలతోను గులకరాళ్లతోను పులులను మేకలను నడపు ఆ ఆటలో పైసకూడ చేతులు మారదు. దానియందు పాచికయైనను లేదు, అదృష్టమునకు చోటే లేదు. పచ్చీసు సంగతి ఇంకను చిత్రము. ఆ గవ్వలే, ఆ గళ్లే. నట్టింట పిల్లలు ఆడిన అది ఆట, దీపావళిరాత్రి పెద్దలు రూపాయలు పెట్టి ఆడిన అది జూదము. కావున పేరు చూచి వస్తువును నిర్ణయింపరాదు. గవ్వనో ముక్కనో చూచియు నిర్ణయింపరాదు. పణము ఉన్నదా లేదా యని చూడవలయును. ధర్మరాజు పాచికలాడెననుట అతనికి నింద కాదు. ఏమేమి ఒడ్డెనో చెప్పిన తరువాతనే కథ నింద యగుచున్నది.

పణము మాటను మన న్యాయస్థానములు మరచినవి కావు. సికింద్రాబాదునందలి ఒక క్లబ్బులో పైకమునకు రమ్మీ ఆడుచున్నారని పోలీసులు కేసు పెట్టగా, నిజాము ప్రభుత్వమునాటి 1305 ఫసలీ జూదచట్టము క్రింద ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టువరకు పోయెను. 1967 నవంబరులో కోర్టువారు, రమ్మీ మూడుముక్కల ఆటవంటిది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటకును, ఏ ముక్కను పట్టవలయునో ఏది విడువవలయునో ఎంచుటకును నైపుణ్యము కావలయుననియు చెప్పిరి. ఇంతవరకు అందరును చెప్పుదురు. కాని ఆ తీర్పులో మరియొక మాట కలదు. వేరొక విధమున జూదము నడచుచున్నట్లు సాక్ష్యమున్నను, ఇంటి యజమాని ఆటవలన లాభము గడించుచున్నను, నేరము రుజువు కావచ్చునని కోర్టువారే సూచించిరి. ఆ క్లబ్బు వసూలు చేసిన రుసుము స్వల్పమనియు, అది లాభమునకు నిదర్శనము కాదనియు తలచి నిందితులను విడిచిరి.

ఆన్‌లైను రమ్మీ సంస్థలవారు ఈ తీర్పులోని మొదటిమాటను అర్ధశతాబ్దము తరువాత శంఖమువలె ఊదిరి, రెండవమాటను మింగిరి. నైపుణ్యము, నైపుణ్యము అని వారి న్యాయవాదులు ప్రతి హైకోర్టులోను జపించిరి. అవును, నైపుణ్యమున్నది. దొంగతనమునందును నైపుణ్యమున్నది. మనము అడుగవలసిన ప్రశ్న అది కాదు. క్లబ్బులో నలుగురు ముఖాముఖి కూర్చుండిరి. ఓడినవాని ముఖము గెలిచినవాడు చూచెను. రాత్రి పొద్దుపోయినచో తలుపులు మూసిరి. యింటికి రాకున్న భార్యయో తమ్ముడో వచ్చి పిలిచిరి. ఫోనులోని బల్లకు తలుపు లేదు. ఎదుటివాడు ఎవడో తెలియదు. ప్రతి పందెమునుండియు యజమాని పాలు తీసికొనును గనుక, గెలుపెవరిదైనను అతని రాబడి తప్పదు. మరియు ఆటగాడు ఏ వేళ ఎంత పోగొట్టుకొన్నాడో, ఏ కానుక చూపిన మరల వచ్చునో లెక్కవ్రాసికొనుటకు అతనియొద్ద యంత్రమున్నది. కన్యాశుల్కమున మధురవాణి యింటి పేకాటను చదివి నవ్వుకొన్నాము. అచ్చట మోసగానికైనను ఒక ముఖమున్నది.

తెలంగాణ శాసనకర్తలు ఈ నైపుణ్యవాదమును ఎదుర్కొనిన తీరు మాత్రము మాకు నచ్చలేదు. మొదటి ఆర్డినెన్సులో రమ్మీయందు అదృష్టపు పాలు కలదు గనుక అది నైపుణ్యక్రీడ కాదనిరి. తరువాతిదానిలో, నైపుణ్యక్రీడలకు 1974వ సంవత్సరపు చట్టము 15వ సెక్షనున ఇచ్చిన మినహాయింపునే తొలగించిరి. అనగా సంస్థలవారు గీసిన గిరిలోనే నిలిచి పోట్లాడిరి. పులిజూదమునకున్న నైపుణ్యము రమ్మీకి లేదు. అయినను మనకు భయము రమ్మీవలననే గాని పులిజూదమువలన కాదు. భయమునకు కారణమైన పణమును, యజమాని లాభమును గురిచేసి, నైపుణ్యమును గూర్చిన తర్కమును విడిచిపెట్టియుండిన బాగుండెడిది. 2021 ఆగస్టులో తమిళనాడు చట్టమును మద్రాసు హైకోర్టును, 2022 ఫిబ్రవరిలో కర్ణాటక సవరణలను ఆ రాష్ట్రపు హైకోర్టును కొట్టివేసినవి. ఆ తీర్పులలోను ఈ నైపుణ్యపు మాటయే ముఖ్యమైనది. తెలంగాణమున ముఖము చాటుచేసిన ఆట బెంగుళూరున వీధివీధిని ప్రకటనలు వేసికొన్నది.

పన్నుల సంగతి వ్రాయుటకు సిగ్గగుచున్నది. 2023 అక్టోబరునుండి, నైపుణ్యమో అదృష్టమో యను భేదము లేక, పణమొడ్డు ఆన్‌లైను ఆటలపై జమచేసిన పూర్తి మొత్తముమీద నూటికి 28 వంతున జి.ఎస్.టి. విధించిరి. పన్ను పుచ్చుకొనునపుడు ప్రభుత్వమువారికి అది బెట్టింగు సరసననే కనబడినది. నిషేధచట్టమునకు రాష్ట్రపతి సంతకము పడిన నెలకు, 2025 సెప్టెంబరు 22నుండి, ఆ పన్ను నూటికి 40 అయినది. నిషేధించినదానిపై పన్ను పెంచుట లోకమున వింతయే.

ఇక కాలహరణమును గూర్చి వాపోవు తండ్రి మాటకు వత్తము. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము పబ్జీ మొదలగు 118 యాప్‌లను నిషేధించెను. ఆ మరునాడే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము ఆన్‌లైను రమ్మీ, పోకరు మున్నగువానిని నిషేధింప నిశ్చయించెను. వరుస దినములలో రెండు వార్తలు రాగా, జనులు రెంటిని ముడివేసి, పిల్లల బాగుకొరకు ప్రభుత్వము మేల్కొన్నదని సంతోషించిరి. కాని కేంద్రపు ఉత్తరువులో పిల్లల ఊసు లేదు; అది దేశ సార్వభౌమత్వము, భద్రత అను కారణములు చూపినది. కావుననే 2021 జూలైలో ఆ ఆట మరియొక పేరు పెట్టుకొని తిరిగి రాగలిగెను. 2022 జూలైలో మరల మాయమై, 2023 మేలో మరల ప్రత్యక్షమయ్యెను. అపుడు పదునెనిమిదేండ్లకు లోపువారికి దినమునకు మూడుగంటలు, పెద్దలకు ఆరుగంటలు అని హద్దు పెట్టుకొన్నది. పెద్దలకు ఆరుగంటలట! పగటి సగము ఆటకు విడిచి, దానికి నియమమని పేరు పెట్టినారు.

పిల్లల కాలమును చట్టముతో కాపాడవచ్చునా? పరదేశములలో ప్రయత్నించిరి. చీనాలో 2021 సెప్టెంబరునుండి పిల్లలు శుక్ర, శని, ఆదివారములందును సెలవుదినములందును మాత్రమే రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివరకు ఆడవచ్చునని శాసించిరి. దక్షిణ కొరియావారు 2011లో పదునారేండ్లకు లోపువారికి నడురేయి ఆటలు ఆపుచట్టము చేసి, పదేండ్లు చూచి, 2022 జనవరినుండి దానిని ఎత్తివేసి, ఆ భారమును తలిదండ్రులకే అప్పగించిరి. ఒకరిదే ఒప్పని మేము చెప్పజాలము. కాని ఆ రెండు దేశములును ప్రశ్నను సరిగా వేసికొన్నవి. వారి ప్రశ్న గంటలను గూర్చినది, రూపాయలను గూర్చినది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారును 2019లో అంగీకరించి 2022నుండి అమలునకు తెచ్చిన రోగపట్టికలో ఆటవ్యసనమును ఒక వ్యాధిగాను, జూదవ్యసనమును మరియొక వ్యాధిగాను వేరువేరుగ వ్రాసిరి. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నదని తెలిసియు మానలేకుండుట సాధారణముగా పండ్రెండు మాసములు కనబడినగాని మొదటిదానిని వ్యాధియనరాదని కూడ చెప్పిరి. వేసవిసెలవులలో నాలుగుదినములు ఫోనుపట్టుకొని కూర్చున్న కుమారునికి ఈ పేరు తగిలించు తలిదండ్రులు ఈ మాటను గమనింపవలయును.

2025 చట్టమును మా తూనికరాయితో తూచిన, దానికి నాలుగు మంచిమాటలు చెప్పక తప్పదు. అది క్రీడాపోటీలుగా ఆడు ఈ-స్పోర్ట్సును, వినోదమునకాడు సామాజిక ఆటలను, పణమొడ్డి ఆడు ఆటలను మూడు వర్గములుగా విభజించి, మూడవదానిని నైపుణ్యమున్నను లేకున్నను నిషేధించినది. పణమే గుర్తు అని అంగీకరించినది. నడుపువానికి మూడేండ్లవరకు చెర, కోటి రూపాయలవరకు జరిమానా. ప్రకటనలు వేయువారికి రెండేండ్లు, ఏబదిలక్షలు. ఆడువానికి శిక్ష లేదు. ఈ కడపటి అంశమే మాకు మిక్కిలి నచ్చినది. ఆంధ్రప్రదేశ్ వారి 2020 సవరణలో ఆడినవానికిని ఆరుమాసములవరకు చెర యుండెను. పెనిమిటి సొమ్ము పోగొట్టుకొన్న ఇల్లాలు, అతనిని చెరసాలకు గూడ పంపవలసివచ్చునని తెలిసిన, పోలీసుఠాణా గడప తొక్కునా? నోరు మూసికొని మిగిలిన గాజులు అమ్మును. సంఘసంస్కరణ చట్టము బాధితుని దండించునదైనచో, బాధను దాచుటకే అది పనికివచ్చును.

దేశమున నలుబదియైదు కోట్లమంది ఏటేట ఇరువదివేల కోట్ల రూపాయలు ఈ ఆటలలో పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వమువారు అంచనా చెప్పిరి. ఇంత పెద్ద విషయమునకు రెండు సభలలోను తగిన చర్చ లేకపోవుట లోపమే. ఈ రంగమున జీతములపై బ్రతుకువారి సంగతి, బాకీలలో మునిగినవారి సంగతి, నిషేధము తరువాత పరదేశపు చీకటి సైట్లకు పోవువారి సంగతి ఎవరు అడిగిరి? మూడుదినముల చట్టము ఈ ప్రశ్నలను కోర్టులకు విడిచినది. వ్యాజ్యములు వెంటనే బయలుదేరినవి.

ఇంత చెప్పియు, కంప్యూటరు చదివిన ఆ యువకుని మాటను విడిచిపెట్టుట న్యాయము కాదు. మా ఉద్దేశమున ఈ వాదమంతటిలో ఎక్కువ నష్టపడినవాడు అతడే. జూదపు సంస్థలవారు తమను తాము గేమింగు పరిశ్రమ అని పిలుచుకొని, శిల్పుల గొడుగు క్రింద తలదాచుకొనిరి. వాన వెలిసినపుడు లాభము వారిది. పిడుగు పడినపుడు చిల్లు గొడుగుది. ఆర్డినెన్సులు వచ్చిన 2017వ సంవత్సరముననే, మార్చిలో, హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ అసుర అను వీడియో ఆటను వెలువరించెను. పగతీర్చుకొన బయలుదేరిన ఒక అసురుని కథ అది. మన పురాణములలోని ప్రతినాయకుని నాయకుని చేసి, ఆడిన ప్రతిసారియు దారులు మారిపోవునట్లు కూర్చిరి. దానిలో పణము లేదు. 2020లో పూనావారు రాజీ అను ఆటలో ఒక గారడిపిల్లను కథానాయికగా నిలిపి, పహాడీ చిత్రముల వన్నెలలో దానిని తీర్చిరి. అందును పణము లేదు. ఇవి బాగున్నవా? అసురుని పగ మనకు క్రొత్తగా ఏమి చూపినది? కత్తిదెబ్బలకు తప్ప మాటకు చోటున్నదా? రాక్షసులతో పోరాడు ఆ బాలిక మన ఆడుబిడ్డలకు ఏమగును? ఇట్టి ప్రశ్నలు ఒక నవల వెలువడినచో మన పత్రికలు అడుగును; నాటకమాడినచో అడుగును; సినిమానైతే మూడుపూటలు అడుగును. వీడియో ఆటను గూర్చి మాత్రము మూయవలయునా తెరవవలయునా అని తప్ప మరేమియు అడుగము. అమెరికా సుప్రీముకోర్టువారు 2011లోనే వీడియో ఆటలకు గ్రంథములకును నాటకములకును గల వాక్స్వాతంత్ర్యరక్షణమే కలదని తీర్పు చెప్పిరి. రక్షణ సరే, గ్రంథములకు గల విమర్శకూడ వీనికి రావలదా? ప్రహరి గోడను గూర్చి తగవులాడుచు, లోపలి యిల్లు ఎట్లున్నదో చూడనివారివలె ఉన్నాము.

ఆ యిల్లు చూడనందువలన కలుగు నష్టమునకు ఒక ఉదాహరణ చెప్పెదము. పిల్లల ఆటలు పెక్కింటిలో, రూపాయలిచ్చి తెరచు మూతపెట్టెలు కలవు. లోపల మంచి ఆయుధమున్నదో, పనికిమాలిన అంగీ యున్నదో తెరచువరకు తెలియదు. లభించినదానిని అమ్ముకొన వీలులేదు గనుక అది గెలుపు కాదందురు. చెల్లించినది మాత్రము నిజమైన పైకము. ఇట్టి పెట్టెలు కొన్ని జూదమేయని బెల్జియమువారి జూదనియంత్రణ సంఘము 2018లో నిర్ణయించెను. మన 2025 చట్టము సొమ్ము గెలుతుమను ఆశతో సొమ్ము కట్టు ఆటలను గూర్చి చెప్పినది కాని, ఈ పెట్టెల పేరెత్తలేదు. కోహెడలో తండ్రి ఫోనునకు బ్యాంకునుండి సందేశము వచ్చును: తొంబదితొమ్మిది రూపాయలు, మరల తొంబదితొమ్మిది, మరల. కుమారుని పిలిచి అడిగిన, జూదము కాదు నాయనా, ఆటయే అనును. వాడు అబద్ధమాడుట లేదు. ఆ పెట్టె ఏ వర్గమునకు చేరునో వానికిని తెలియదు, తండ్రికిని తెలియదు.